బావ మీద వేసిన నింద

మా అక్క ఆయాసానికి మా బావ బీడీలే కారణమని పన్నెండేళ్లు చుట్టాలందరికీ చెప్పాను. అది తప్పు.

అక్కను ధర్మవరం ఇచ్చాం. బావది మగ్గం పని. నలభై దాటకముందే అక్కకు నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందేది కాదు. పెనుకొండలో పెద్దమ్మ మనవరాలికి చెవులు కుట్టిన రోజు, అందరూ భోంచేస్తుండగా బావతో అన్నాను: "మా అక్క ఊపిరంతా నీ బీడీకే పాయ." బావ సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజే బీడీ మానేశాడు, మావాళ్ల ఇళ్లకు రావడమూ మానేశాడు. బీడీ మానిన సంగతి తెలిసి కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు హిందూపురం స్టేషన్లో వంతెన మెట్లెక్కుతూ నేనే సగంలో కూలబడ్డాను. బీడీ ముట్టనివాణ్ణి. డాక్టరు నా రక్తం, తర్వాత అక్క రక్తం బెంగళూరు పంపించాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఊపిరితిత్తులను కాపాడే పదార్థమొకటి మాకు పుట్టుక నుంచే తక్కువట. ఆ లోపం అమ్మలో సగం, నాయనలో సగం దాగి ఉండి మాలో కలిసింది. వాళ్లది మేనరికం. పొగ ఈ జబ్బును ముదరబెడుతుందే గానీ పుట్టించదన్నాడు. మందు పీల్చుకుంటూ ఇద్దరం ఇప్పుడు బాగానే ఉన్నాం.

ఆ కాగితాలు పట్టుకుని ధర్మవరం వెళ్లాను. మగ్గం ముందు కూర్చున్న బావ అంతా విని నవ్వాడు.

"ఏమప్పా బామ్మర్దీ, తప్పు మా పొగది కాదు, మీ రక్తానిదా?"

"తప్పయింది బావా."

"ఈడ నా చెవిలో చెప్తే ఏం లాభం? ఆపొద్దు అందరి ముందర అంటివి. మీ పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పు."

"పోనీలే, వాడు ఇంత దూరం వచ్చినాడు కదా," అంది అక్క.

"నువ్వుండు మే. నీ దగ్గు ఇన్నప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటి, ఇన్నేండ్లు."

నా మాటను అతనే నమ్మాడని అప్పటిదాకా తెలియదు. స్పీకర్ పెట్టి పెద్దమ్మకు మొత్తం చెప్పాను.

"అల్లుడు ఆడే ఉండాడా? ఆదివారం రమ్మను. నువ్వు రాకపోయినా పర్వాలేదు."

బావ పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వబోయి దగ్గింది. బావ లేచి నీళ్లు తెచ్చిచ్చి, ఆమె వీపు నిమురుతూ, "మా పిల్లోళ్ల రక్తం గూడా పరీక్షకు ఎప్పుడిద్దామబ్బా?" అని నన్ను అడిగాడు.