బోర్లా పడుకోలేని మనిషి

2021 వేసవిలో, కోవిడ్ రెండో విడత జోరుగా ఉన్నప్పుడు, నన్ను రొద్దం నుంచి ధర్మవరానికి డిప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి నేను హెల్త్ సూపర్‌వైజర్‌ని, రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. ఇళ్లలోనే ఉండి మందులు వాడుతున్న రోగులను రోజూ చూసి రావడం మా పని. గడప బయట నిలబడి, వాళ్ల వేలికి ఆక్సీమీటరు పెట్టించి, వచ్చిన అంకె ఫారంలో రాసుకోవాలి. అది తొంభై నాలుగు కంటే తగ్గితే ఆసుపత్రికి పంపాలి. అందరికీ చెప్పవలసిన సూచన ఒకటి ఉండేది: బోర్లా పడుకోండి, ఊపిరితిత్తులకు గాలి బాగా అందుతుంది.

నేను బడికి పోలేదు. నాయన దగ్గర ఇంట్లోనే చదువుకుని, ప్రైవేటుగా పది రాసి ఏఎన్ఎం శిక్షణకు వెళ్లాను. అందుకేనేమో, అచ్చులో ఉన్న మాట అంటే నాకు గురి ఎక్కువ.

లక్ష్మీదేవి పట్టుచీరలు నేసే మనిషి, యాభై దాటింది. జబ్బు మొదలైన నాలుగో రోజు నేను వెళ్లేసరికి గుంతమగ్గంలో కూర్చుని, ముందుకు వాలి, మోచేతులు మగ్గం మీద ఆనించి ఉంది. ముఖానికి మాస్కు, మెడ చుట్టూ పైట.

"జబ్బులో కూడా మగ్గం వదల్లేవా తల్లీ?" అన్నాను.

"నేసేది యాడుందక్కా! ఈడ కూసుంటేనే కొంచెం పానం బాగుండాది."

ఆమె భర్త రామాంజనేయులు నవ్వాడు. "పెండ్లినాటినుంచి ఆ మగ్గాన్నే కట్టుకుండాది మేడం, నన్ను కాదు."

ఆక్సీమీటరులో తొంభై ఆరు వచ్చింది. పడుకుంటే ఊపిరి ఆడదని ఆమె చెబుతూనే ఉంది. భయం కొద్దీ అంటున్నదనుకుని, లోపలికి వెళ్లి చాప వేయించి, నేనే బోర్లా పడుకోబెట్టాను.

నిమిషం కాలేదు. గాలి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు శబ్దం మొదలైంది. ముఖం కందిపోయింది, చేయి నేలమీద కొట్టుకుంది. గబుక్కున లేపి కూర్చోబెట్టి ముందుకు వంచాను. ఆ క్షణాన ఆ బుద్ధి పుట్టించిన దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

పైట తీసి చూస్తే మెడ ముందు బత్తాయంత గడ్డ. థైరాయిడ్ గ్రంథి పెరిగిన గడ్డ అది.

"ఎన్నాళ్లనుంచి ఉంది?"

"శానా ఏండ్లాయె. నొప్పి ల్యాదు, ఎవరూ అడగల్యా" అంది, మాటకూ మాటకూ మధ్య ఆగి.

మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చేస్తే ముందు అంకె అడిగారు. చెప్పాను. మరెందుకు పంపడం అన్నారు. గడ్డ సంగతీ, పీల్చేటప్పుడు వచ్చే ఈల సంగతీ చెప్పాక ఆయన గొంతు మారింది. కూర్చోబెట్టే పంపమన్నారు. అనంతపురంలో పడక దొరకక, హిందూపురం ఆసుపత్రిలో ఖరారు చేశారు. 108 వాహనంలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టబోతే నేను ఒప్పుకోలేదు. పెనుకొండ మీదుగా హిందూపురం దాకా రామాంజనేయులు ఆమెను తన భుజానికి ఆనించుకునే తీసుకుపోయాడు. దారిపొడవునా ఫోన్‌లో "ఉండాది మేడం, పలుకుతాండాది" అని చెబుతూ వచ్చాడు.

అక్కడి డాక్టరు తరువాత నాకు వివరించారు. గడ్డ ఎన్నో ఏళ్లుగా శ్వాసనాళాన్ని నొక్కి ఇరుకు చేసింది. వైరస్ వల్ల లోపల వాపు వచ్చి, మిగిలిన దారి కూడా మూసుకుపోసాగింది. అది ఊపిరితిత్తుల బాధ కాదు గనుక, చివరిదాకా ఆక్సీమీటరు మంచి అంకే చూపించవచ్చునట. వాపు తగ్గడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. గొంతులో గొట్టం వేయవలసిన అవసరం రాలేదు. పదిరోజులకు ఇంటికి వచ్చింది. కొన్ని నెలల తరువాత ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. తప్పు మాత్రం నాదే. ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో రోగికి తెలుసు, నేను అడగలేదు. ఆమెను హిందూపురం పంపిన మరుసటి రోజే ఆశా కార్యకర్తల సమావేశంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆక్సీమీటరు పెట్టేముందు మెడ చూడమన్నాను, రాత్రి ఎలా పడుకున్నారో అడగమన్నాను. ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. రిటైరయ్యేదాకా దాన్ని అంచున చేత్తో రాయించాను.