ఢిల్లీ అన్న ఇప్పించిన గంటె

హన్మమ్మకు తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆ లోటును ఆమె 2004లో సుప్రీంకోర్టుతో పూడ్చుకుంది.

"ఢిల్లీల మా అన్న ఉన్నడు. ఆయన వండుమన్నడు, నేను వండుతున్న. మీకేమన్న పరేషాన్ ఉంటె ఆయన్నే అడుగుండ్రి" అని బడి ముందు గంటె ఊపుతూ అనేది. అనేటప్పుడు మొహంలో నవ్వు ఎక్కడా కనిపించనిచ్చేది కాదు. కొత్తగా వచ్చిన ఆటో డ్రైవరు ఒకడు నిజమేననుకుని, మీ అన్న ఏ పార్టీ అని అడిగాడు. "ఏ పార్టీ లేదు బిడ్డా, అందర్ని తిడ్తడు" అంది.

నేను అప్పుడు ఆ బడిలో విద్యా వాలంటీరును. నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ వెళ్లే దారిలో ఆటో దిగి కొంచెం లోపలికి నడిస్తే మా ఊరు. బడికి రెండు గదులు, ఒక హెడ్మాస్టరు, నేను. హెడ్మాస్టరు ఇమ్మానుయేల్ సారు చాలా మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎదురొచ్చిన గేదెకు కూడా దారిచ్చి నమస్తే పెట్టేలా ఉండేవాడు. అలాంటి మనిషిని పెట్టుకుని ఊళ్లో న్యాయం జరిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

2001 చివర్లో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. మనిషికి బతికే హక్కు ఉందంటే తినే హక్కు కూడా ఉన్నట్టే కదా అని కొందరు వేసిన కేసు అది. సర్కారు బడికి వచ్చే ప్రతి బిడ్డకూ మధ్యాహ్నం వండిన అన్నం పెట్టాలని కోర్టు చెప్పింది. అంతకుముందు నెలకోసారి బియ్యం కొలిచి ఇంటికి పంపేవాళ్లు, ఆ బియ్యం ఇంట్లో ఎవరి కడుపులోకి పోయేదో దేవుడికి తెలియాలి. మా బడిలో పొయ్యి వెలిగేసరికి 2003 వచ్చింది. ఢిల్లీ నుంచి వచ్చే మాట ఏదైనా ఖేడ్‌లో బస్సు మారాలి కదా. ఆ తర్వాతి ఏప్రిల్‌లో అదే కేసులో కోర్టు ఇంకో మాట చెప్పింది. వంటవాళ్లను పెట్టేటప్పుడు దళితులకు, షెడ్యూల్డు కులాల, తెగల వాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలంది. ఈ మాటను బస్సు మారనివ్వకుండా పేపర్లో చూసి నేరుగా దళితవాడలో ఉండే హన్మమ్మకు మోసింది నేనే. అంతవరకు బడిలో వండిన ముసలమ్మ ఆ సెలవుల్లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. బడి తెరిచిన రోజు పొద్దున్నే హన్మమ్మ వచ్చి సారు కుర్చీ ముందు నిలబడింది.

"సారూ, నన్ను పెట్టుకొమ్మని మా అన్న చెప్పిండంట గదా?"

సారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. పని ఇవ్వక ఆయనకు దారి లేకపోయింది.

హన్మమ్మకు ఆ గంటె ఎందుకంత అవసరమో చెప్పాలి. మొగుడు పోయాడు, కొడుకూ కోడలూ పట్నంలో ఇళ్లు కట్టే పనికి ఏటా దసరా తర్వాత పోతారు, వాళ్లతో ఈమె కూడా పోయేది. మోకాళ్లు అరిగిపోయి ఇటుకలు మోయలేక అక్కడ అందరికీ వండిపెట్టేది. మనవరాలు సంతోషి కూడా వాళ్ల వెంటే. అందువల్ల ఆ పిల్ల ఏటా మూడో తరగతిలో చేరుతుంది, దసరా దాకా చదువుతుంది, మళ్లీ జూన్‌లో వచ్చి మూడో తరగతిలోనే కూర్చుంటుంది. గంటె చేతిలో ఉంటే అవ్వా మనవరాలూ ఊళ్లోనే ఉండొచ్చు. పోతే దసరాకు మళ్లీ బస్సే, సంతోషికి మళ్లీ మూడో తరగతే.

మొదటి రోజు గంట కొట్టగానే, పై కులాలవాళ్లుండే పెద్దవాడ పిల్లలు పలకలు సర్దుకుని ఇళ్లకు పోయారు. మర్నాడు మూటల్లో రొట్టెలు తెచ్చుకుని, గోడవైపు తిరిగి కూర్చుని తిన్నారు. హన్మమ్మ వండిన అన్నం సగం అలాగే మిగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. పలకా బలపం సరిగ్గా పట్టుకోవడం రాని వయసులో వాళ్లకు గోడవైపు తిరగడం నేర్పినవాళ్లను వరసగా నిలబెట్టి గుంజీళ్లు తీయించాలనిపించింది.

నేర్పినవాళ్లలో ముందుండేది లింగమ్మ. విద్యా కమిటీ చైర్మన్ బస్వరాజ్ ఆమె భర్త. చైర్మన్ ఆయన, నోరు మాత్రం ఆమెది. ఆమె ఇంట్లో అన్న మాటను ఆయన బడికి మోసుకొచ్చాడు.

"సారూ, పిల్లలు తింటలేరు. అన్నం ఖరాబైతున్నది. వంటామెను మార్చుండ్రి. ఢిల్లీల కూసున్న కోర్టుకు మా ఊరి సంగతి ఏం తెల్సు?"

శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టి తేలుద్దామన్నాడు సారు. తేలడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. అక్కడ ఎక్కువమంది తినం అంటే సారు సరే అనేస్తాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అంతకు ముందు రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. లింగమ్మ వాళ్ల బోరు ఎండిపోయింది. తొగరి చేను, అంటే కంది చేను, మోకాలెత్తు కూడా లేవలేదు. పటేలూ పటేలమ్మా అనిపించుకునే ఆ ఇద్దరూ కూడా చప్పుడు చేయకుండా పట్నం బస్సెక్కి, హన్మమ్మ వాళ్లు పనిచేసే మేస్త్రీ దగ్గరే చేరారు. పక్కపక్క రేకుల షెడ్లు. అందరి బియ్యం ఒకే గంజులో, అంటే వంట గిన్నెలో, పడేవి, వండేది హన్మమ్మ. లింగమ్మ ఆమెను అక్కా అని పిలిచి తినేది. బస్వరాజ్ ఏమీ పిలవకుండా తినేవాడు, ఎక్కువ తినేవాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మా వైపు ఒక ఆచారం ఉంది. ఖేడ్ బస్టాండులో దిగగానే సంచులు విప్పి గిన్నెలు వేరు చేసుకుంటారు. దారంతా ఒకే సంచిలో దొర్లిన చెంబులు అక్కడి నుంచి ఎవరివి వాళ్లవి. అక్కా అన్న పిలుపు కూడా అక్కడే ఆగిపోతుంది. ఊరికి వచ్చే ఆటోలో లింగమ్మ ముందు, హన్మమ్మ వెనక. నన్నడిగితే ఆ బస్టాండులో ఏదో మంత్రం ఉంది.

అలా వేరు పడే ముందు లింగమ్మ ఒట్టు వేయించుకుంది, షెడ్డులో తిన్న తిండి మాట ఊళ్లో అనకూడదని. హన్మమ్మ సంతోషి నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసింది. ఈ సంగతి నాకు చెప్పింది హన్మమ్మ కాదు, సంతోషి. చిన్నపిల్ల, ఆమెతో ఎవరూ ఒట్టు వేయించలేదు.

"మీటింగులో చెప్పేయ్. వాళ్ల నోళ్లు మూతపడతాయి" అన్నాను హన్మమ్మతో.

"పిల్ల మీద ఒట్టేసిన టీచరమ్మా. చెప్ప" అంది హన్మమ్మ. కట్టెలు ఎగదోసి చిన్నగా నవ్వింది. "చెప్పనని నేను ఒట్టేసిన. ఆమె ఎయ్యలే గదా."

శనివారం వచ్చింది. బడి వరండాలో ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. పక్కనే రేకు కింద మూడు రాళ్ల పొయ్యి. దాని మీద తొగరిపప్పులో పుంటికూర, అదే గోంగూర, ఉడుకుతోంది. సారు గొంతు సవరించుకున్న క్షణాన హన్మమ్మ ఎల్లిపాయ, ఎండుమిరపకాయ తాలింపు వేసింది. వరండా అంతా దగ్గింది. ఆ తర్వాత అందరూ గట్టిగా ముక్కుతో గాలి పీల్చారు. హన్మమ్మ గంజు దింపి, వాళ్ల ముందుకు తెచ్చి పెట్టింది.

"సారూ, మీటింగుకు ముంగట తల్లులు వాసన చూడాలె. మా అన్న చెప్పిండు."

ఏ ఆదేశంలోనూ అలాంటిది లేదు. సారుకు తెలుసు, నాకు తెలుసు.

"తినేది తిననిది మీ ఇష్టం" అంది హన్మమ్మ. "గని నా పప్పుకు వంక పెట్టెటట్టు లేదు. ఉప్పు, కారం, ఎల్లిపాయ. అంతే. కంగ్టి అవుతల కొందరు పప్పుల బెల్లం ఏస్తరంట. పప్పుల బెల్లం! నాలుకలు సచ్చినోళ్లు తినాలె దాన్ని."

లింగమ్మ పుట్టిల్లు కంగ్టి అవతల, కర్ణాటక అంచున. ఆమె దవడ బిగుసుకుంది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేనైతె పుట్టినసంది ఎయ్యలే" అని హన్మమ్మ ఇంకా తీరిగ్గా అంది. "ఊర్ల ఎయ్యలే, పట్నంల ఎయ్యలే. బెల్లం లేకుంటనే లొట్టలేసుకుంట తిన్నరు అందరు."

"అబద్ధం!" లింగమ్మ లేచి నిలబడింది. "బెల్లం లేకుంటె నీ పప్పు కుక్క గూడ ముట్టదు! నేను నా చేత్తోని బెల్లం ముక్క ఏస్తెనే అది నోట్లె వెట్టెటట్టయింది! ఈయన్నడుగు, రోజు మల్ల మల్ల ఏపిచ్చుకునేటోడు!"

ఆమె వేలు బస్వరాజ్ వైపు చూపిస్తోంది. ఆ వేలిని ఆమే చూసుకుంది. తర్వాత వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఆగలేదు. నవ్వినవాళ్లలో సగంమంది ఆ షెడ్ల దగ్గర తిన్నవాళ్లే.

"నేనేం అనలే పటేలమ్మా" అంది హన్మమ్మ అమాయకంగా. "నేను ఒట్టు మీద ఉన్న."

బస్వరాజ్ తన చెప్పుల్ని శ్రద్ధగా పరిశీలించాడు. "ఇగ మీటింగు అయిపోయింది గదా సారూ?" అన్నాడు. వంటమనిషిని మార్చేది లేదని ఇమ్మానుయేల్ సారు పెద్ద గొంతుతో ప్రకటించాడు. ఆయనకు అంత గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

తెలంగాణ వచ్చిన 2014లో కూడా ఆ గంటె హన్మమ్మ చేతిలోనే ఉంది. అప్పటికి సంతోషి ఖేడ్‌లో పై చదువు చదువుతోంది. కానీ ఆ శనివారంతోనే అంతా చక్కబడిందనుకుంటే పొరపాటు. సోమవారం కొందరు పిల్లలు కంచాలు తెచ్చారు, మరికొందరు నెల తర్వాత తెచ్చారు. లింగమ్మ వానాకాలమంతా హన్మమ్మతో మాట్లాడలేదు. ఆమె కూతురు రేణుక ఒక్కతే రొట్టె తెచ్చుకుని గోడవైపు తిరిగి తినేది. హన్మమ్మ రోజూ గంటె పట్టుకుని అటు వెళ్లి, "ఏం గోడా, పప్పు కావాల్నా?" అని గోడనే అడిగేది. రేణుక నవ్వు ఆపుకోలేక పొలమారేది. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆ ఏడు కూడా వాన మోసం చేసింది. దసరా అయిన వారానికి ఊరు సగం ఖాళీ అవడం మొదలైంది. బస్వరాజ్ వాళ్లు బయలుదేరే పొద్దున లింగమ్మ మూట చంకన పెట్టుకుని నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చింది. హన్మమ్మ తలెత్తలేదు.

"ఈసారి రేణుకను తీస్కపోతలేం. సదువు ఆగమైతున్నది. మా అత్త కాడ ఉంటది" అంది లింగమ్మ.

"ఉండనీ. గోడ కాడ జాగ మస్తుగున్నది."

లింగమ్మ మొహం ఎర్రబడింది. ఈమె మళ్లీ ఎక్కడ తగాదా మొదలుపెడుతుందోనని నేను గదిలోంచి బయటికి వచ్చాను. లింగమ్మ మూటను కింద పెట్టింది. కళ్ల నిండా నీళ్లు.

"గోడ కాడ కాదు, నీ కాడ తింటది. మా అత్తకు కండ్లు కనవడవు, ఒకపూట వండితె ఒకపూట వండదు. బడి లేనినాడు ఆకలైతె ఏడికి పోవాలె అమ్మా అని అడిగింది పిల్ల. పొద్దుగాల చెయ్యి పట్టుకొని పోయి నీ ఇల్లు చూపిచ్చి వచ్చిన."

పెద్దవాడ నుంచి ఎవరైనా నలుగురూ చూస్తుండగా హన్మమ్మ వాళ్ల వాడకు నడిచి వెళ్లడం నేను ఎన్నడూ చూడలేదు. హన్మమ్మ గంటె గంజు మీద పెట్టింది. ఆమె నోటికి వెక్కిరింపు రాకపోవడం కూడా నేను అదే మొదటిసారి చూశాను. కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"పిల్లకు కారం ఎంత పడ్తది?" అని అడిగింది.