పార్కు మేస్త్రీ ఐదో బొమ్మ

ఊరికి తూర్పున, వాగును ఆనుకుని ఉన్న మూడొందల ఎకరాల పల్లంలో ఇప్పటిదాకా నాలుగు పెద్ద థీమ్ పార్కులు వెలిశాయి. నాలుగూ ప్లైవుడ్ బల్లల మీదే. నాలుగింటినీ చేసింది ఒక్కడే. అందరూ అతన్ని పార్కు మేస్త్రీ అంటారు.

అచ్చాఫీసు వెనకాల రేకుల షెడ్డు అతని కార్ఖానా. లోపల అడుగుపెడితే జిగురు వాసన ముక్కు పగలగొడుతుంది. బ్లేడ్లు, పట్టకార్లు, అట్టముక్కలు, ఆకుపచ్చ రంగులో ముంచి ఆరబెట్టిన స్పాంజి. ఆ స్పాంజిని గిల్లి తీగలకు అతికిస్తే చెట్లు. బియ్యపు గింజంత మనుషులు ఒక డబ్బా నిండా ఉంటారు. కంపెనీవాళ్లు నక్షా తెస్తే, దాన్ని చూసి కట్టబోయేదాన్ని ముందుగా బల్ల మీద కట్టి చూపడం అతని పని. పెళ్లి చేసుకోలేదు. రెండు పూటలా భోజనం అక్క ఇంట్లో. అక్కా బావా ఆ పల్లంలోనే మొక్కల నర్సరీ నడుపుతారు. వాళ్ల చుట్టూ మరో రెండొందల ఇళ్లు.

మొదటి పార్కు ముప్పై ఏళ్ల కిందటిది. ఒక కోట, జానెడు ఎత్తున జెయింట్ వీల్. పెద్దమనిషెవరో వచ్చి బొమ్మ మీది గుడ్డ లాగితే చప్పట్లు మోగాయి. రెండేళ్లకు ఆ కంపెనీ అడ్రసు లేకుండా పోయింది. రెండోది అలలు పుట్టించే పార్కు. మూడోది మంచుకొండ, అదీ ఎండకు తారు కరిగే ఊళ్లో. నాలుగోది రాక్షసబల్లులది. ఆ బొమ్మ ఇప్పుడొక ఆఫీసు మెట్ల కింద ఉంది. దాని మీద టీ ఫ్లాస్కు పెట్టుకుంటారు.

బావకు నోరు ఊరుకోదు. రెండో పార్కు అటకెక్కినప్పుడే అరుగు మీద కూర్చుని అన్నాడు: "ఇదంతా మా బావమరిది చేతి చలవ. ఆయన బల్ల మీద కట్టాడంటే ఇంక నేల మీద కట్టరు." అందరూ నవ్వారు. మూడోది పోయాక నవ్వు తగ్గి నమ్మకం పెరిగింది. నాలుగోది పోయాక పల్లంలో అదే చట్టం. భూములు తీసుకుంటామని సర్కారు నోటీసు అంటించినా, అభ్యంతరం రాసివ్వడానికి జనం ఆఫీసుకు వెళ్లడం మానేశారు. "మేస్త్రీకి ఆర్డరొచ్చిందా?" అని అక్కను అడిగేవాళ్లు. వచ్చిందంటే ఇళ్లకు పోయి పడుకునేవాళ్లు. మొదటిసారి నోటీసు మీద అభ్యంతరాలు రెండొందలు వెళ్లాయి. రెండోసారి అరవై, మూడోసారి తొమ్మిది. నాలుగోసారి ఒక్కటీ లేదు.

ఐదో నోటీసు అంటించిన మూడు వారాలకు మేస్త్రీకి నక్షా వచ్చింది. తెచ్చినామె కొత్త కంపెనీ ఇంజనీరు. వార్త ఆమె కారు కంటే ముందే పల్లం చేరింది. ఆ సాయంత్రం బావ వీధి చివరిదాకా నడిచి మరీ చెప్పొచ్చాడు: "ఆర్డరొచ్చేసింది! హాయిగా ఉండండి!"

మేస్త్రీ నక్షా పరిచి రెండు రోజులు చూశాడు. మూడో రోజు ఆమె వచ్చినప్పుడు అడిగాడు.

"మేడమ్, టాయిలెట్లు గీయడం మర్చిపోయినట్టున్నారు."

"అవసరమైతే తర్వాత చూద్దాం మాస్టారూ."

"టికెట్ కౌంటర్ కూడా లేదు. బళ్లు పెట్టుకునే జాగా లేదు."

ఆమె ఫోన్ లోంచి తలెత్తలేదు. "మీ దగ్గర పాత జెయింట్ వీల్ ఉందన్నారుగా, అది పెట్టేయండి. కోట కూడా, ఉన్నదేదో ఒకటి."

"ఏ మూల పెట్టమంటారు?"

"మీ ఇష్టం."

వెనకటి నాలుగు కంపెనీలూ జెయింట్ వీల్‌ను అరంగుళం అటూ ఇటూ జరపడానికి వారాల తరబడి కొట్టుకున్నాయి. ఈ కంపెనీ పట్టింపులు వేరు. కాలువల వాలు సరిగ్గా రావాలి. ప్రహరీ మందం తగ్గకూడదు. లారీల దారి, కరెంటు స్తంభాల వరస తేడా రాకూడదు. పాత నక్షాల్లో పల్లమంతా ఉత్త పచ్చరంగు. ఇందులో ప్రతి ఇల్లూ ఉంది, ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంది. ఎవరో వచ్చి నడిచి కొలిచారు. అక్క బావి గట్టు కూడా ఉన్నచోటే ఉంది. ఆ బావి మీదుగా ఒక పెద్ద వృత్తం గీసి ఉంది. లోపల ఏమీ రాయలేదు.

"ఇదేంటి మేడమ్?"

"అది చదునుగా వదిలేయండి."

"ఎత్తు ఎంత?"

"ఎత్తు చూపించొద్దన్నారు."



గుడ్డ లాగేదాకా బల్ల మీద ఏముందో బయట చెప్పకూడదన్నది అతని వృత్తిలో కట్టుబాటు. ముప్పై ఏళ్లు తప్పనివాడు ఆ మధ్యాహ్నం అన్నం ముందు తప్పాడు.

"అక్కా, ఇది పార్కు కాదు. శుక్రవారంతో గడువు అయిపోతుంది. అభ్యంతరం రాసివ్వండి."

"పార్కు కాకపోతే ఏంట్రా?"

"తెలీదు. కానీ కడతారు. కట్టేవాళ్ల నక్షా అది."

బావ కంచంలోంచి నవ్వాడు. "నువ్వు చేస్తున్నావా లేదా?"

"చేస్తున్నా."

"మరింకేం! కోట కట్టి మాయమైనవాళ్లని చూశాం. కాలువలు గీసినవాళ్లు ఓ లెక్కా?"

"బావా, వాళ్లు టాయిలెట్లు గీయలేదు."

"పోనీలే, అన్నం తిను. ఒంటికి రెంటికి కూడా నువ్వే దిగులు పడితే ఎలా?"

అక్క నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఇంటింటికీ తిరిగాడు. ప్రతి గుమ్మంలో అదే ప్రశ్న: చేస్తున్నావా లేదా? చేస్తున్నానంటే మొహాలు విచ్చుకునేవి. ఒక ముసలామె అయితే, "నీ చెయ్యి చల్లగా ఉండాలి నాయనా, కాస్త త్వరగా పూర్తి చెయ్యి" అని తొందరపెట్టింది.

మాటలతో వాళ్లకు భయం పుట్టదని, తను చేయనంటేనే పుడుతుందని అప్పుడు అర్థమైంది. శుక్రవారం పొద్దున పది గంటలకు నక్షా చుట్టి, కంపెనీ ఆఫీసుకు వెళ్లి బల్ల మీద పెట్టాడు. జీవితంలో ఆర్డరు వెనక్కివ్వడం అదే మొదలు.

"నేను చేయలేను మేడమ్."

ఆమె బతిమాలుతుందనుకున్నాడు. కనీసం కోప్పడుతుందనుకున్నాడు.

"ఫర్వాలేదు మాస్టారూ. ఈసారి గుడ్డ లాగే ఫంక్షనేమీ లేదు. మీ పాత బొమ్మ ఫోటో ఒకటి ఫైల్లో పెడితే చాలన్నారు."

పదకొండింటికి నర్సరీ చేరాడు. అక్క కుండీల్లో మట్టి నింపుతోంది.

"ఆర్డరు ఇచ్చేశానక్కా. నేను చేయడం లేదు."

ఆమె చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. "ఎందుకు మానేశావురా? మా కొంప ముంచుతావా?" అంది. తన నోటి మాట తన చెవినే పడ్డాక, ఈసారి కడతారని తోచి లోపలికి వెళ్లి, పెట్టె తెరిచి, పట్టా కాగితాలు తీసింది. "ఏవయ్యా, వినపడిందా?" అని భర్తను కేకేసింది. "అరుగు మీద పురాణం చెప్పింది నువ్వే. వెళ్లి అందర్నీ లేపుకురా."

బావ సైకిల్ తీశాడు. కానీ ఆర్డరొచ్చిందని చెప్పినంత సులువు కాలేదు, ఆర్డరు పోయిందని చెప్పడం. మొదటి ఇంట్లో నవ్వారు. రెండో ఇంట్లో, "బావాబావమరుదులకు చెడిందా ఏంటి?" అని అడిగారు. మూడో ఇంటాయన, "నిన్నేగా మేస్త్రీ చేస్తున్నానన్నాడు, ఏది నిజం?" అని తలుపు వేసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా తాను నూరిపోసిన మాటే ప్రతి గుమ్మంలో అతనికి అడ్డం నిలబడింది.

నాలుగున్నరకు అక్కా తమ్ముడూ అభ్యంతరాలు తీసుకునే కిటికీ దగ్గరున్నారు. మనుషులెవరూ లేరు. కిటికీ మూసే ఐదింటికి ఇంకా పది నిమిషాలుందనగా బావ చెమటలు కక్కుతూ వచ్చాడు. వెనకాల ఎవరూ లేరు. అక్క అతని వెనక్కి ఒకసారి చూసి, తన కాగితం కిటికీలోకి తోసింది.

గుమాస్తా కాగితం తీసుకుని, ముద్ర కొట్టి, రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి ఒకటి అని అంకె వేశాడు.

"ఒకటేనా?" అన్నాడు మేస్త్రీ.

"ఒకటే. విచారణ పెద్ద హాల్లో పెడదామనుకున్నారు. ఇంక పైగదిలో సరిపోతుంది."

"ఎవరెవరు వస్తారు బాబూ?" అని అడిగింది అక్క.

"మీరు. వాళ్లు."

"వాళ్లు ఎంతమంది?"

గుమాస్తా వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతికి వచ్చి మధ్యలో ఆగి, టైము చూసుకుని కిటికీ రెక్క వేసేశాడు.