ఎర్ర బొట్టు దాకా నీళ్లు

మా మేనత్త పోయిందని తాండూరు నుంచి మామ ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాద్‌లో, నేను పనిచేసే ల్యాబ్‌లో, రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తున్నాను. "బిడ్డా, మీ అత్త లేదే ఇగ" అన్నాడు. నా నోట్లోంచి ముందు వచ్చింది ఏడుపు కాదు. "ఆ గదిలకి పోయినవా నువ్వు?" అని అడిగాను. "తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నది గద, ఎట్ల పోత" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

చదివేవాళ్లకు ఇది కటువుగా తోచవచ్చు. తోచనివ్వండి. మా అత్తను తలుచుకోవాలంటే ఆ గదిలోంచే తలుచుకోవాలి. ఆ గదిని తలుచుకుంటే ఇప్పటికీ మామ మీద నా పళ్లు వాటంతటవే నూరుకుంటాయి.

అత్త యాలాల్ బడిలో సైన్స్ టీచరుగా చేసి రిటైరైంది. ఇంకా పనిలో ఉండగానే ఒకసారి పంటి నొప్పితో హైదరాబాద్ పోయి, డాక్టరు కోసం కూర్చున్నచోట గోడవారగా సముద్రపు నీళ్ల తొట్టి చూసింది. అందులో రంగురంగుల పగడాలు, వాటి మధ్య చేపలు. లోపలికి పిలిస్తే వినిపించుకోలేదట. పన్ను సంగతి మరిచి ఇంటికొచ్చింది. ఆ పన్ను మళ్లీ ఆర్నెల్లకు గానీ పీకించుకోలేదు. ఈలోగా ఇంట్లో ఈశాన్యం గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి వెలిసింది.

మంచినీళ్లలో చేపలు సాకేవాళ్లు తాండూరులో చాలామందే ఉన్నారు. సముద్రాన్ని సాకింది నాకు తెలిసి మా అత్త ఒక్కతే. ఉప్పు సంచులు హైదరాబాద్ నుంచి తెప్పించేది. బోరు నీళ్లు పనికిరావని ప్రత్యేకంగా ఫిల్టరు పెట్టించి, మూలకు రెండు డ్రమ్ములు ఉంచింది. నీలం మూతది ఉప్పు కలిపిన నీళ్లు, తెల్ల మూతది వట్టి ఫిల్టరు నీళ్లు. తొట్టి చుట్టూ నాపరాయి నేల మీద ఉప్పు తెల్లగా పేరుకునేది. రోజూ తడిగుడ్డతో తుడిచేది, రోజూ మళ్లీ పేరుకునేది.

రాళ్ల మీద పగడాలను చూసి పూలు భలే ఉన్నాయని ఎవరన్నా అంటే ఊరుకునేది కాదు. "పూలు గావు, నోళ్లు. తింటయ్, కొట్లాడుతయ్" అనేది. నిజమే, రెండు రకాలు దగ్గర దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి కుట్టి చంపుకుంటాయి. "జానెడు దూరం వెట్టు, ఏ పగ లేదు. మనుషులకు సుత గంతే" అని నవ్వేది. తను మాత్రం ఎవరికీ జానెడు దూరం పెట్టలేదు, పగ పడితే దగ్గరుండి పట్టేది. చేపల పులుసు ఎప్పుడు పెడతావని వేళాకోళమాడిన పక్కింటామెకు నాకు తెలిసి మళ్లీ కరివేపాకు రెబ్బ ఇవ్వలేదు. ఆమె చూస్తుండగానే కోసి ఎదురింటికి పంపేది. నాకు ఆ గుణం అత్త నుంచే వచ్చిందని మా అమ్మ అంటుంది. నాకేం సిగ్గులేదు.

ఇక మామ చేసిన పని చెప్తాను.

ఆయనకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉండేది. ఒక ఏడు పని మందగించింది. ఎవరో వాస్తు చూసే మనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. ఈశాన్యంలో నీళ్లుండటం మంచిదే, కానీ ఆ నీళ్లకు బలం చాలదు, యంత్రం చెక్కిన రాగిరేకు అడుగున పెట్టమన్నాడట. అత్త పదో తరగతి పేపర్లు దిద్దడానికి పోయినరోజు మామ అరచేయంత రాగిరేకు తెచ్చి, దానికున్న పసుపు కుంకుమ కడిగేసి, తొట్టి ఇసుక కింద పూడ్చాడు. చెప్తే వద్దంటుందని చెప్పలేదు.

మనకు రాగి మంచిది. రాగి చెంబులో నీళ్లు తాగితే ఆరోగ్యమంటారు. మామ కూడా మోకాళ్ల నొప్పులకని ముప్పై ఏళ్లుగా చేతికి రాగి కడియం వేసుకున్నాడు. పగడాలకు మాత్రం అది విషం. ముందు నత్తలు పట్టు వదిలి రాలిపోయాయి. తర్వాత రొయ్యలు. తర్వాత పగడాల మీది కండ జారిపోయి తెల్లటి ఎముకలు తేలాయి. అత్త నీళ్లు మార్చింది, మళ్లీ మార్చింది, పంపులు విప్పి కడిగింది, ఫిల్టరు విప్పింది. బడికి సెలవు పెట్టి నేల మీద మోకాళ్లు పెట్టుకుని అద్దంలోకి చూస్తూ కూర్చుంది. మామ గడపలో నిలబడి టీ తాగుతూ పది రోజులు చూశాడు. పదో రోజున ఇసుకంతా చేత్తో దేవుతుంటే ఆమె వేళ్లకు పచ్చగా చిలుమెక్కిన రేకు తగిలింది.

ఆమె అరవలేదు. రేకును కడిగి, తుడిచి, మామ అన్నం పళ్లెం పక్కన పెట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. "రేకు వెట్టినందుకు కాదు. నేను ఎతుకుతుంటె చూస్కుంట నిలవడ్డవ్, గందుకు" అంది. అంతే. మర్నాడు ఆ గదికి తాళం వేయించింది. రాళ్లకు రాగి పట్టేసిందని రాళ్లన్నీ పారేసి, ఇసుక పారేసి, తొట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ పగడాలు నిలదొక్కుకోవడానికి మూడేళ్లు పట్టింది. ఆమె ఉన్నన్నాళ్లూ మామ ఆ గడప దాటలేదు.

ఆ మూడేళ్లలోనే ఆదివారాలు రైలెక్కి వచ్చి నేను పని నేర్చుకున్నాను. "చేపలను సాకేది నువ్వు కాదే, నీళ్లు. నువ్వు నీళ్లను సాకు" అని చెప్పేది. తొందరపడితే చేతి మీద ఒక్కటి వేసేది. రెండు చుక్కలు వేసి వెలుతురుకు పట్టి చూస్తే నీళ్లలో ఉప్పెంతో తెలిపే గొట్టం ఒకటుంది, దాన్ని నా చేతికిచ్చిన రోజు మార్కుల మెమో ఇచ్చినంత పద్ధతిగా ఇచ్చింది. ఆ తొట్టి ఎప్పటికైనా నాదేనని నాలో నేను అనుకున్నాను.

అత్త దవాఖానలో చేరినప్పటి నుంచి తాళంచెవి నా దగ్గరే ఉంది, తొట్టి నేనే చూస్తున్నాను. పోయే నాలుగు రోజుల ముందు నా చెయ్యి పట్టుకుని తాళంచెవి మామకు ఇమ్మంది. తొట్టిని నేను తీసుకుపోవద్దంది. మళ్లీ చంపుతాడు అత్తా అన్నాను.

"సంపుడు ఒక్క దినం పని. సాకుడు రోజు పని. చెయ్యనీ" అంది.

ఇది శిక్ష అనుకున్నాను. అత్త కదా, పోతూ పోతూ కూడా వదల్లేదు అనుకుని కడుపు నిండింది. కానీ ఆ శిక్ష నాకు చాల్లేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చున్న పది రోజులకు ఆయన కూడా మోకాళ్ల మీద కూర్చోవాలి. చేసుకున్నోనికి చేసుకున్నంత.

పదకొండో రోజు దినం అయ్యాక తాళంచెవి ఇచ్చాను. అన్నీ చెప్పాను. దీపాలు ఎప్పుడు వేయాలి, మేత ఎంత చిటికెడు, కరెంటు పోతే బ్యాటరీ పంపు ఎట్లా పెట్టాలి. మామ పాత డైరీలో రాసుకున్నాడు. తొట్టి అద్దం మీద అత్త అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటుంది. ఎండాకాలం నీళ్లు వేడెక్కకుండా పైన ఫ్యాన్లు తిరుగుతాయి, వాటి గాలికి నీళ్లు ఇగిరి రోజూ ఆ బొట్టు కిందికి దిగుతాయి. రోజూ బొట్టు దాకా నీళ్లు పోయాలని చెప్పాను. ఏ నీళ్లో చెప్పలేదు.

ఇగిరేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. అందుకని పోయాల్సింది తెల్ల మూత డ్రమ్ములోని వట్టి నీళ్లు. తెలియనివాడు ఎవడైనా సముద్రానికి సముద్రపు నీళ్లే కదా అని నీలం మూత తీస్తాడు. మామ తీస్తాడని నాకు తెలుసు. రోజురోజుకు ఉప్పు పెరుగుతుందని తెలుసు. అబద్ధం ఆడలేదు నేను, ఒక్క మాట మింగాను. ఉప్పు చూసే గొట్టాన్ని కూడా, అత్త గుర్తుగా ఉంటుందని చెప్పి, సంచిలో వేసుకుని వచ్చేశాను. పగడాలు పోతాయి కదా అని మీరడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. నాకు దక్కనిది ఆయనకెందుకు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

తాళంచెవి ఇచ్చిన పన్నెండో రోజు పొద్దున మామ ఫోన్ వచ్చింది. "ఒక్కసారి వస్తవా బిడ్డా, గవి ముడుసుకుంటున్నయ్" అన్నాడు. వస్తానన్నాను. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ధారూర్ దాటేదాకా, నిజం చెప్తున్నాను, పెళ్లికి పోతున్నట్టే ఉంది నాకు.

గది తలుపు బార్లా తెరిచి ఉంది. నేను చెప్పులు విప్పి గడపలో ఆగాను. ఒక్క పగడం విచ్చుకుని లేదు, అన్నీ పిడికిళ్లు బిగించుకుని ఉన్నాయి. తెల్ల పట్టీల చేపలు రెండూ పంపు దగ్గర నక్కి ఆయాసపడుతున్నాయి. మామ ముక్కాలిపీట ఎక్కి, భుజం దాకా చెయ్యి తొట్టిలో పెట్టి, అడుగున ఇసుక దేవుతున్నాడు. ఆ చేతికి కడియం లేదు. మణికట్టు చుట్టూ పాలిపోయిన పట్టీ మిగిలింది. కడియం కిటికీ గొళ్లానికి వేలాడుతోంది. వేళ్లు కడిగీ కడిగీ పగిలిపోయి ఉన్నాయి.

నన్ను చూసి చెయ్యి తీయలేదు. "పొద్దుగాల్నుంచి ఎతుకుతనే ఉన్న. ఏం దొరుకుత లేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ముప్పై ఏండ్లు తొడిగిన గద బిడ్డా. రాగి ఒంట్లకి దిగిందేమో. నా చేతులల్లనే ఉన్నదేమో ఇసం" అన్నాడు.

నేను గడపలోనే నిలబడి చూస్తున్నాను. ఆయన మళ్లీ ఇసుకలో వేళ్లు పెట్టాడు. అప్పుడు, చూస్కుంట నిలవడ్డవ్ అన్న అత్త మాట నాకు వినిపించింది, ఈసారి అది మామకు చెప్పిన మాట కాదు.

సంచిలోంచి గొట్టం తీసి పీట మీద పెట్టాను. "ఎతకకు మామా. అందుల ఏం లేదు. పొయ్యాల్సింది తెల్ల మూత నీళ్లు. నాకు ముందుగాల్నే ఎరుక" అన్నాను.

ఆయన చెయ్యి బయటికి తీశాడు. నీళ్లు మోచేతి మీదుగా కారి నేల మీద పడుతున్నాయి. కోప్పడతాడని చూశాను. కోప్పడితే బాగుండేది, నాకు జవాబుంది.

"నేను పది రోజులే చూస్కుంట ఉంటి" అన్నాడు.

ఆయన్ను క్షమించానా అంటే, లేదు. ఆ పది రోజులు నేను మరిచిపోను. కాకపోతే ఇప్పుడు నా లెక్కలో పన్నెండు ఉన్నాయి, వాటిని ఎవరి పళ్లెం పక్కన పెట్టాలో తెలియడం లేదు.

ఉప్పు ఒక్కసారిగా దించితే బతికున్నవి కూడా పోతాయి. కొద్దికొద్దిగా తీసి, కొద్దికొద్దిగా పోయాలి, చాలా రోజులు పడుతుంది. మామ స్టీలు గ్లాసుతో తొట్టి నీళ్లు తోడాడు. నేను తెల్ల మూత తీసి మరో గ్లాసుతో నీళ్లు ముంచి ఇచ్చాను. ఆయన ఎర్ర బొట్టు మీదే చూపు నిలిపి పోశాడు. సాయంత్రం బండి టైమయ్యేదాకా ఒక్క పగడం కూడా నోరు తెరవలేదు. ఫ్యాను గాలికి కిటికీ గొళ్లానికి ఉన్న రాగి కడియం ఊగి ఊగి చువ్వకు తగులుతూనే ఉంది.