అట్ట మీది నాయకురాలి జాకెట్టు

ఆ రోజుల్లో మా వైపు రాజకీయ నాయకులు కనబడే చోట్లు కొన్నే ఉండేవి. గోడలు, జీపుల అద్దాలు, పెళ్లి పందిట్లో ముందు వరుస. ఎక్కడ చూసినా చేతులు జోడించే ఉండేవాళ్లు. అలాంటివాళ్లు ఫ్యాషన్ పత్రికల అట్టల మీదికి కూడా ఎక్కుతారని నాకు కుప్పం మామ వల్ల తెలిసింది. ఆయన కుప్పం నుంచి రైల్లో బెంగుళూరుకు కూరగాయలు తీసుకుపోయేవాడు. తిరుగు రైల్లో ఎవరైనా సీటు మీద వదిలేసిన పత్రికలను నాకోసం ఏరుకొచ్చేవాడు. "పాప సదువుకుంటాది" అనేవాడు తప్ప అవి దేని గురించో ఆయనకు పట్టేది కాదు. (ఒకసారి పశువుల మందుల పత్రిక తెచ్చాడు. అదీ చదివాను.)

మదనపల్లెలో డిగ్రీ చదువుతూ, సెలవులకు పుంగనూరులో మా చిన్నమ్మ టైలరింగ్ షాపుకు వచ్చేదాన్ని. గుండీలు కుట్టడం నా పని. మనుషులొస్తే తెర వెనక్కి పోవడం నా అలవాటు. ఆ షాపులో డిజైన్ల పుస్తకమంటూ వేరే లేదు. మామ తెచ్చిన పత్రికల అట్టలే గోడకు అంటించి ఉండేవి. వచ్చినవాళ్లు వేలు పెట్టి "ఇట్లాంటిది" అంటే చిన్నమ్మ కుట్టేసేది. అట్ట మీద ముందు భాగమే కనబడుతుంది కాబట్టి వీపు సంగతి ఆమె ఊహకే వదిలేసేవాళ్లు.

అలా ఒక రోజు సర్పంచమ్మ వచ్చింది. పక్క పల్లెలో ఆడవాళ్లకు కేటాయించిన సీటులో ఆమె గెలిచింది కానీ, మండలం మీటింగులకు పోయి కుర్చీలో కూర్చునేది వాళ్లాయన. ఊరంతా ఆయన్ని సర్పంచప్ప అనే పిలిచేది. ఆమె ఆది జాకెట్టు ఇవ్వబోయి, కొత్తగా అంటించిన అట్ట ముందు ఆగిపోయింది. దాని మీద ఉత్తరాది నాయకురాలొకామె నేత చీర కట్టుకుని, మోచేతుల దాకా జాకెట్టు వేసుకుని, కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"ఎవురు పాపా ఈయమ్మ?"

"రాజకీయ నాయకురాలంట," అన్నాను తెర వెనక నుంచే.

"అంటే మా మాదిరేనా?" అని ఆమె ఇంకా దగ్గరికి పోయి చూసింది. "పక్కన మొగుడు యాడా లేడే!"

అట్ట చింపగా నా దగ్గర మిగిలిన పత్రికలో ఆ నాయకురాలి గురించి ఏముందో చదవమంది. నేను తెర అంచు పట్టుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. "కొంచెం గెట్టిగా సదువమ్మా, నాకు కాకపోయినా నీకైనా ఇనబడల్ల గదా," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చిన్నమ్మతో అంది: "ఊర్లో బోరు ఎండిపోయుండాది. ఆడోళ్లు బిందెలు మోసి సస్తాండారు. ఆ మాట మీటింగులో అడగమంటే ఈయప్ప పోయొచ్చి, బోండాలు బాగుండాయని చెప్తాడు. ఈతూరి నేనే పోతా. కానీ నలుగురిలో నిలబడాలంటే బయంగా ఉండాది. ఈయమ్మ జాకెట్టు ఉన్నదున్నట్టు కుట్టి పెట్టు."

ఉన్నదున్నట్టు అనేసరికి చిన్నమ్మ అట్టను గోడ మీంచి ఊడదీసి కిటికీ దగ్గర పరిశీలించింది. నాయకురాలి జాకెట్టు ఎడమ చేతి అంచు దగ్గర తెల్లటి పట్టీ, దాని మీద సన్నవీ లావుపాటివీ నల్లగీతలు, కింద ఏవో అంకెలు. "కుడి సేతికి లేదే?" అని నేను సందేహపడితే, "రెండు సేతులకీ ఉంటే అది యూనిఫారం, ఒక సేతికుంటే ఫ్యాషన్," అని తేల్చేసింది. అంకెలు కొలతలై ఉంటాయని వదిలేసింది. (నాకేం తెలుసు? నేను చదివినవన్నీ కాలేజీ లైబ్రరీ పాత పుస్తకాలు, వాటి మీద అలాంటి గీతలు ఉండేవి కావు.) తెల్లబట్ట మీద నల్లదారంతో ఆమె ఒక్కో గీతా కుడుతుంటే, నాకూ అలాంటిదే కావాలనిపించింది. అడగడానికి నోరు రాలేదు.

మీటింగు రోజు సర్పంచమ్మ నన్నూ లాక్కుపోయింది. "నువ్వు ఎనకాల ఉండు పాపా, ధైర్నంగా ఉంటాది," అంది. నా ధైర్యం మీద నమ్మకం పెట్టుకున్న మొదటి మనిషి ఆమే. మేము పోయేసరికి సర్పంచప్ప ముందే వచ్చి ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే వెనక్కి తిరిగేదే. అంతలో కొత్తగా వచ్చిన ఆఫీసరు మేడం ఆ జాకెట్టు చెయ్యి చూసింది. పెదవుల మీదికి నవ్వొకటి వచ్చి, ఆగి, మెత్తబడింది.

"ఎక్కడ కుట్టించారమ్మా, చాలా కొత్తగా ఉంది."

ఆ మాటతో సర్పంచమ్మ వీపు నిటారైంది. "మా పుంగనూర్లోనే మేడం. మీకు గావల్లంటే సెప్పండి, కుట్టిస్తా." అదే ఊపులో భర్త వైపు తిరిగి, "ఇదో, కొంచెం లెయ్. అది నా కుర్సీ," అంది. ఆయన లేచాడు. (బోండాల పళ్లెంతో సహా.) ఆమె కుర్చీ చేతి మీద గీతల మోచెయ్యి ఆనించి, అచ్చం అట్ట మీద ఉన్నట్టే కూర్చుని, బోరు సంగతి అడిగింది. మేడం రాసుకుంది. ఎండలు ముదిరేలోపే ఆ ఊరికి కొత్త బోరు పడింది. ఉగాదికి మా షాపులో ఎడమచేతి గీతల జాకెట్లు కుట్టీ కుట్టీ చిన్నమ్మకు నడుం పట్టేసింది.

కొన్నేళ్ల తర్వాత ఉద్యోగానికి బెంగుళూరు పోయి, మొదటిసారి ఒక పెద్ద షాపులో సబ్బు కొన్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి దాన్ని తిప్పి, నల్లగీతల మీద ఎర్ర వెలుతురు పడేలా పట్టుకుంది. కుయ్యిమంది. ధర కనబడింది. అట్ట మీద నాయకురాలి చేతి దగ్గర ఉన్నవీ ఇవే, పత్రిక ధర గీతలు. మేడం నవ్వు ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఆమె నిజం చెప్పి ఉంటే సర్పంచమ్మ గుమ్మం దగ్గరి నుంచే ఇంటికి పోయేది. ఆ మేడం పేరు కూడా నాకు తెలియదు. ఆ కౌంటర్ ముందే ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఇప్పటికీ సరుకులు కుయ్యిమంటుంటే నాలో నేనే నవ్వుకుంటాను. ఆ మీటింగు హాల్లో వెనక గోడకు అతుక్కుని నిలబడి, ఆ గీతలనే ఆశగా చూస్తున్న పిల్ల కనబడుతుంది. చిన్నమ్మ ఊరందరికీ కుట్టింది. ఒక్క మాట అడిగి ఉంటే నాకూ కుట్టేది కదా.