చెక్క మీద పాప

టెక్కలి బస్టాండు బయట టీకొట్టు ముందు, రెండు సిమెంటు దిమ్మల మీద ఒక పొడవాటి చెక్క వేసి ఉండేది. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. చెక్క నడుమ ఒక తల్లి కూర్చుంది. జ్వరంతో ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయిన పాప ఆమె ఒళ్లో ఉంది. పక్కన సముద్రం మీద వేటకెళ్లే భారీ మనిషి, కాళ్ల దగ్గర వల మూట. ఆయన బరువుకి చెక్క బాగా కిందికి వంగింది. చివరన నేను.

భావనపాడు బస్సు వచ్చింది. ఆయన లేవలేదు.

"నీ బస్సెల్లిపోతంది, లెగు మావా," అంది తల్లి.

"నానొక్కసారే లెగిత్తే సెక్క పైకెగురుతాది. పాప లెగిసిపోద్దమ్మా."

నావైపు తిరిగాడు. "బాబూ, రెండు సేతుల్తో దీన్ని అదిమి పట్టు. నాను లెగిసినాక మెల్లగా ఒదులు. పడవలో ఎవులైనా పడుకుంటే మేం ఇలాగే దిగుతాం."

ఆయన కొంచెం కొంచెంగా లేచాడు. నేను చెక్కను నెమ్మదిగా పైకి రానిచ్చాను. పాప పెదవులు కదిపి మళ్లీ పడుకుంది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఆయన పాప వంక చూసి నవ్వి, వల మూట మీద కూర్చున్నాడు.

ఇప్పుడు కొత్త వంతెనల్ని పరీక్షించడం నా పని. ఇసుక బస్తాలు పేర్చి, వంతెన ఎంత వంగిందో కొలిచి, మళ్లీ దించిస్తాం. కూలీలు తొందరపడితే "మెల్లగా" అంటాను.

"ఏం సార్, విరిగిపోద్దా?" అంటారు.

విరగదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. పాప పడుకుందని మాత్రం చెప్పను.