సబ్బు నురగ సంతకం

మా బావ పార్సిళ్ల వ్యాను నడుపుతాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ మనసు వెన్న. ఈ మాట మా అక్క ముందు అంటే, "ముక్కు రోజూ కనిపిస్తూనే ఉంది, ఆ వెన్న ఎక్కడుందో కాస్త చూపించరా" అంటుంది.

ఆ రోజు పొద్దున్నే ఎవరి మొహం చూశాడో, ఏదీ కలిసి రాలేదు. వ్యాను తలుపు ఎంత లాగినా సరిగా మూతపడలేదు. చెప్పుల రంగు నచ్చలేదని ఒకావిడ, వాటిని ఈయనే కుట్టినట్టు, దులిపి పారేసింది. ఒక గుమస్తా అయితే బరువు పెట్టెతో ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, తాపీగా టీ తాగి వచ్చాడు.

అసలు బెంగ వేరే ఉంది. ఆ వారం అప్పటికే మూడు పార్సిళ్లు ఇవ్వలేక వెనక్కి తెచ్చాడు. ఇంకొక్కటి వెనక్కి వస్తే వ్యాను తాళాలు తీసుకుని గోదాములో కూర్చోబెడతానని సూపర్‌వైజర్ తేల్చి చెప్పాడు. కిటికీ లేని గోదాములో మా బావ రెండు రోజులు కూడా ఉండలేడు.

చివరి పార్సిల్ ఒక పెద్దావిడది. గంట కొట్టాడు, పలుకు లేదు. ఫోను చేస్తే లోపలే మోగింది. పావుగంట నిలబడి, ఆ తలుపునీ సూపర్‌వైజర్‌నీ కలిపి తిట్టుకుంటూ వ్యాను దగ్గరికి వచ్చాడు. ఆయన సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా నురగతో పిడికెడు కుక్కపిల్ల!

"దిగవే!" అని అరిచాడు. అది ఎగిరి ఆయన గుండెల మీదికి దూకి, గడ్డమంతా నాకేసింది. బావ ఇంకా తిట్టాలనుకున్నాడు గానీ నవ్వొచ్చేసింది. తడి అడుగులు ఇంటి పక్క నుంచి పెరట్లోకి ఉన్నాయి. దాన్ని చంకన, పార్సిల్‌ని చేత పట్టుకుని అటు వెళ్లాడు. పెద్దావిడ నీళ్ల డ్రమ్ము వెనక వెతుకుతోంది. పక్కనే కుళాయి హోరున పోస్తోంది.

"ఇది మీదేనా అమ్మా? గంట కొట్టీ కొట్టీ నా వేలు అరిగిపోయింది."

"ఈ హోరులో ఏం వినపడుతుంది నాయనా! దాని కోసం తెప్పించిన తువ్వాలు తెచ్చావా?"

సంతకం కోసం బావ ఫోను చాపాడు. సబ్బు చేతులు ఆవిడ కొంగుకు తుడుచుకునేలోపే కుక్కపిల్ల తెర మీద కాలు పెట్టేసింది. పార్సిల్ అందినట్టు ఫోను టింగుమంది.

సాయంత్రం సూపర్‌వైజర్ ఆ గీతలు చూసి, "ఎవరిదయ్యా ఈ సంతకం?" అన్నాడు.

"పార్సిల్ ఎవరి కోసం తెప్పించారో వాళ్లదే సార్."

సూపర్‌వైజర్ నమ్మక పెద్దావిడకే ఫోను చేశాడు. తువ్వాలు గురించి, బావ గురించి ఆవిడ పొగడ్తలు విని విని విసిగి, తాళాలు ఆయన చేతిలోనే ఉంచాడు.

ఇంటికి రాగానే అక్క ఎప్పటిలాగే చేతిలో కూరల సంచీ అందుకుంది. తర్వాత చొక్కా మీద మరకలు చూసింది. "ఏమండీ, ఎవరు చేశారిది?"

బావ అంతా చెప్పాడు. చివర్లో గొంతు కాస్త తగ్గించి, "నలభై గుమ్మాలు ఎక్కానే ఇవాళ. అందరూ నా చేతుల్లోకే చూశారు. మొహం చూసి సంతోషించింది అదొక్కటే" అన్నాడు.

అక్క సంచీ కింద పెట్టి, ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"వెన్న కనిపించిందిరా," అంది మర్నాడు నాతో.